బస్తాతో తూగని పూజారి

తవుడని ఒక పూజారి ఉండీవోడంట. పేరుకే తవుడు గానీ మనిసి మాత్రం గాదిలాగ ఉండీవోడు. ఆ పేరెందుకంటావా బావూ? ఆడికి ముందు ఇద్దరు పుట్టి పోనారంట. మూడోవోడు ఈడు పుడితే, ఈడైనా బతకాలని ఆళ్లమ్మ పక్కింటామెకి ఇచ్చీసి, మళ్లీ చేటడు తవుడు పోసి కొనుక్కున్నాదంట. మా పక్క ఊళ్లల్లో అలగ తవుళ్లు బోలెడుమంది. సరే, ఈ తవుడు చినగెడ్డవలసలో పోలమ్మ తల్లికి పూజారి. ఆళ్ల తాతా పూజారే, ఆళ్ల అయ్యా పూజారే. పూజారంటే గంట కొట్టి కూకోడం కాదు. ఆ ఊళ్లో యేటా సిరిమాను సంబరం అవుతాది. నువ్వు పట్నం మనిసివి, సూసినావో లేదో, సెప్తాను రాసుకో. పొడుగాటి చింతమాను తెచ్చి, నున్నగ చెక్కి, బండి మీద ఏతంలాగ బిగిస్తారు. లావు పక్క ఎనక, సన్న పక్క ముందర. సన్న పక్క కొసన ఒక పీట కడతారు, ఆ పీట మీద పూజారి కూకుంటాడు. ఎనక నుండి తాడేసి లాగితే ముందు పక్క లేస్తాది. లేస్తాదంటే ఎంతనుకున్నావు, తాడిచెట్టంత ఎత్తు లేస్తాది. అక్కడ కూకుని పూజారి ఊరంతా ఊరేగుతాడు. అప్పుడు ఆడు తవుడు కాదు, పోలమ్మ తల్లే. పొద్దున్న ఆడిని ఒరే అన్నోళ్లే అప్పుడు చేతులెత్తి మొక్కుతారు.

ఆ మాను చెక్కే వడ్రంగి సూరాచారి. ముసలోడు, మాట కరుకు, చెయ్యి మంచిది. ఆయనకొక లెక్కున్నాది. సంబరానికి నలభై రోజుల ముందు పూజారిని తూస్తాడు. కాటా గీటా ఏటీ లేదు. ఒక దుంగ మీద పొడుగాటి పలక వేస్తాడు, ఒక కొసన ధాన్యం బస్తా పెడతాడు, రెండో కొసన పూజారిని కూకోమంటాడు. పూజారి పైకుంటే సరి. సమంగా తూగినా సరే. పూజారి కిందకెల్లి బస్తా పైకి లేసిందా, ఇంక ఆ పూజారి మాను ఎక్కకూడదు. ఆళ్ల తాత నాటి నుండీ అదే లెక్క. ఆ యేడు ఏటైందంటే, తవుడు ఎల్లి పలక మీద కూకున్నాడు. కూకోగానే బస్తా గాల్లోకి లేసి, పలక మీద నుండి జారి, సూరాచారి కాళ్లకాడ దబ్బున పడ్డాదంట. సూసినోళ్లందరూ పడీ పడీ నవ్వినారు. సూరాచారి నవ్వలేదు. “ఒరే తవుడూ, నా మాను మీద నుండి ఇంతవరకూ ఎవులూ పడలేదు. పడనివ్వను కూడాను. నలభై రోజులున్నాయి, ఈ బస్తా బరువుకి దిగు. దిగినావా, నీకు నాను పీట కడతాను. దిగలేదా, నీ సిన్నాన్న కొడుకు లచ్చుం ఎక్కుతాడు” అన్నాడంట.

ఆ మాట తవుడికి గుండెలో గుచ్చుకున్నాది. ఎందుకంటే ఆ ఊళ్లో ఒక కట్టుబాటున్నాది. ఒక ఇంటోళ్లు పీట దిగితే ఆ ఇంటికి మళ్లీ పీట రాదు. తాత ఎక్కిన పీట, అయ్య ఎక్కిన పీట, తన లావు మూలంగా పోతాదన్నమాట. పోనీ ఆ లచ్చుమేమైనా పీట కోసం కాసుకుని కూకున్నాడా అంటే, అదీ లేదు. ఆడు మంచోడే, కానీ అటక మీదకి నిచ్చెనేసుకుని ఎక్కితేనే కళ్లు తిరుగుతాయి ఆడికి. తాడిచెట్టంత ఎత్తు మాట ఇనగానే రెండు రోజులు కూడు తిన్లేదంట. పాపం అన్నదమ్ములిద్దరిదీ ఒకటే మొక్కు, తవుడు సన్నబడాలని.

తవుడు ఇంటికొచ్చి పెళ్లాంతో సెప్పినాడు. పెళ్లాం పేరు ఎర్నమ్మ. పుల్లలాగ ఉంటాది గానీ నోరు మాత్రం సన్నం కాదు. ఆయమ్మ ఆ రోజే వరన్నం మానిపించీసినాది. పొద్దున్నొక గిన్నెడు చోడంబలి, మీరు రాగులంటారే ఆ అంబలి, సాయంత్రం ఉడకబెట్టిన ఉలవలు గుప్పెడు, గోంగూరో తోటకూరో ఉప్పేసి ఉడకబెట్టింది ఇంత. నూనె లేదు, నెయ్యి లేదు, బెల్లంముక్క లేదు. తవుడు గిన్నెలో ఉన్నది తాగి, గిన్నె కడుక్కుని ఆ నీళ్లు కూడా తాగీవోడంట. అది సాలదని కోడి కూయగానే లేసి, ఊరెనక కొండ మీదకి పరుగు. ఎక్కడం, దిగడం, మళ్లీ ఎక్కడం. మూడుసార్లు. మొదటి రోజు సగం కొండకే కూలబడిపోతే, గొర్రెలు తోలుకెల్తన్న ముసలమ్మ ఒకామె నీళ్లు సల్లి లేపినాది. అయినా మానలేదు. వారానికల్లా పైదాకా ఎక్కీసినాడు. అదయ్యాక గెడ్డకి, అదే ఊరి వాగుకి ఎల్లి, గుడికి కావాల్సిన నీళ్లు కావిడితో తానే మోసీవోడు. మద్యాన్నం నుండి ఘటం ఎత్తుకుని ఊరు తిరగడం. ఘటమంటే అమ్మోరి కుండ, పసుపు రాసి వేపమండలు కడతారు. సంబరం ముందు నలభై రోజులూ పూజారి దాన్ని నెత్తి మీద పెట్టుకుని రోజుకి కొన్నిళ్లు చొప్పున ఊరంతా తిప్పుతాడు. “అది కూడా నడకే కదే, మంచిదే” అనీవోడంట ఎర్నమ్మతో. మంచిదే మరి, ఎవులు కాదంటారు?

వారం అయ్యాక సూరాచారికాడికి ఎల్లినాడు. పలక మీద కూకున్నాడు. బస్తా లేసింది. అంతకుముందులాగ జారి పడలేదు గానీ లేసింది. సరే, వారమే కదా అనుకున్నాడు. రెండో వారం ఎల్లినాడు. లేసింది. సూరాచారి కింద నుండీ పై నుండీ సూసి, “ఒరే, నిజం సెప్పు, దొంగతనంగా ఏటైనా తింటన్నావా?” అన్నాడంట. తవుడు పోలమ్మ మీద ఒట్టేసినాడు. అంబలి తప్ప ఏటీ ముట్టలేదని ఒట్టు. ఆడిది అబద్ధపు ఒట్టు కాదు బావూ, అది గుర్తెట్టుకో. మూడో వారం ఎల్లినాడు. ఈసారి ఏటైందనుకున్నావు, బస్తా మళ్లీ జారి సూరాచారి కాళ్లకాడే పడ్డాది! అంబలి తాగి, ఉలవలు నమిలి, కొండెక్కి, కావిడి మోసి మనిసి ఎక్కడైనా పెరుగుతాడా? ఈసారి ఎవులూ నవ్వలేదు. తవుడు పలక మీద నుండి లెగలేక లెగిసి, తల దించుకుని ఎల్లిపోనాడు.

ఎల్లి ఎక్కడికెల్లినాడు, గుడికే. ఎవులూ లేరనుకుని అమ్మ ముందర కూలబడి ఏడ్సినాడంట. “తల్లీ, నా మీద నీకు ఏటి కోపం? నాను నాలుగు మెతుకులు కూడా ముట్టలేదే. కొండెక్కి దిగి మోకాళ్లు అరిగిపోనాయి. నాలో మాంసం లేదు, నూనె లేదు, మరి ఈ బరువెక్కడిది? నువ్వే పట్టుకుని కూకున్నావు గావాల. నాను నీకు అక్కర్లేదని నోటితో సెప్పలేక ఇలగ సెప్తన్నావు. సరే తల్లీ, లచ్చుమునే ఎక్కించుకో. నాను గెడ్డకాడ గేదెల్ని కాసుకుని బతుకుతాను” అని ఏడుపంట. పీట పోతాదని కాదు బావూ ఆ ఏడుపు. పుట్టిన కాడి నుండి ఎవరి కాళ్లకాడ పెరిగినాడో ఆ అమ్మే తన్నీసినాది అనుకున్నాడు. అది పెద్ద కష్టం.

గుళ్లో దీపం కాసేది ఎర్నమ్మ. నలభై రోజులూ అఖండం ఆరకూడదు, ఘటం తిరిగినంతసేపూ పూజారి పెళ్లాం ఆ దీపంకాడే కూకోవాల, తప్పనిసరైతే తోబుట్టువుని కూకోబెట్టాల. అందుకే మొగుడు ఊరు తిరుగుతుంటే ఏనాడూ ఎనక ఎల్లి సూసి ఎరగదు. ఆయమ్మ స్తంభం ఎనక నూనె గిన్నెతో నిలబడి ఇదంతా ఇన్నాది. ఇని, ఏడ్సినాదా అంటే, తిట్టినాది. “కోపమొచ్చినోళ్లు మనిసిని సిక్కబెడతారు గానీ బలిపిస్తారేటి? బుర్రున్నాదా నీకు? లచ్చుముకి ఏ మాటా ఇవ్వకు. రేపు మా అక్కని దీపంకాడ కూకోబెట్టి నాను నీ ఎనక వస్తాను. పొద్దున్న కొండకి వస్తాను, గెడ్డకి వస్తాను, ఘటం ఎనక వస్తాను. ఆ బరువు ఏ దారంట వస్తందో నా కళ్లతో సూస్తాను” అన్నాదంట.

అన్నట్టే బయల్దేరినాది. కొండకెల్లినాది, మూడుసార్లు నిజంగానే ఎక్కినాడు. గెడ్డకెల్లినాది, కావిడి నిజంగానే మోసినాడు. అంబలి తానే పోసినాది, తానే సూసినాది. మద్యాన్నం ఘటం లేసింది. డప్పులు ముందర, పూజారి మద్దిన, ఎర్నమ్మ ఎనక. మొదటిల్లు ఈరమ్మది. ఈరమ్మ పూజారి కాళ్లు పసుపునీళ్లతో కడిగినాది, ఘటానికి బొట్టెట్టినాది, అరిటాకులో మూడు బూరెలు పెట్టి “తినమ్మా, పోలమ్మా తల్లీ” అని మొక్కినాది. తవుడు కళ్లు మూసుకున్నాడు. మూసుకుని మూడు బూరెలూ తినీసినాడు. అదేటి తప్పా అంటే తప్పు కాదు. ఆ నలభై రోజులూ ఏ ఇంట నైవేద్యం పెట్టినా పూజారి నోటిలోకి పోవాల. పోతే అమ్మ పుచ్చుకున్నట్టు. పోకపోతే ఆ ఇంటికి అమ్మ రాలేదన్నట్టు. సరే, రెండో ఇల్లు. చలివిడి ముద్ద, నా పిడికిలంత. మూడో ఇల్లు సిన్నమ్మది, పరమాన్నం. నాలుగో ఇంట పులిహోర, ఐదో ఇంట మళ్లీ బూరెలు.

ఇంకో సంగతేటంటే, ప్రతి ఇంటి ఆడమనిసీ పక్కనున్నదాంతో గుసగుసలాడతన్నాది. “పాపం, పూజారి కొండెక్కి పరుగెడతన్నాడంట. అంబలి తాగి బతుకుతన్నాడంట. అమ్మని మోసే మనిసి నీరసపడి పడిపోతే ఊరికి అరిష్టం కాదేటి?” అని ఇంకో బూరె వేస్తన్నాది. ఆడు ఎంత పరుగెడితే ఈళ్లు అంత పెడతన్నారు. ఎర్నమ్మకి లెక్క పెట్టడానికి చేతివేళ్లు సరిపోలేదు. పైటకొంగు తీసి, ఆడు తిన్న ఒక్కోదానికీ ఒక్కో ముడి వేసుకుంటూ వచ్చినాదంట. ఆఖరిల్లు అయ్యేసరికి కొంగులో ముడెయ్యడానికి చోటు లేదు.

సాయంత్రం పొద్దుండగానే ఇంటికొచ్చి ఇద్దరూ వాకిట్లో కూకున్నారు. ఎర్నమ్మ నెమ్మదిగా అడిగినాది, “ఈయాల ఏటి తిన్నావు?” అని. “నువ్వే కదే పోసినావు, ఒక గిన్నెడు అంబలి” అన్నాడు ఆడు. ఎర్నమ్మ ఒక ముడి విప్పినాది. “మరి ఈరమ్మింట బూరె?” “అది నాను తిన్లేదు, అమ్మ తిన్నాది.” ఇంకో ముడి విప్పినాది. “ఈరమ్మింటిదే రెండో బూరె?” “అమ్మే.” ఇంకో ముడి. “మూడోది?” “అమ్మే కదే, పూజారి పెళ్లానివై ఉండి తెలీదేటి?” చలివిడి? అమ్మ. పరమాన్నం? అమ్మ. రెండోసారి వడ్డించిన పరమాన్నం? అదీ అమ్మే. అలగ ముప్పై రెండు ముడులు విప్పినాదంట, ముప్పై రెండూ అమ్మే తిన్నాది. అప్పుడు ఎర్నమ్మ కొంగు దులుపుకుని అడిగినాది. “సరే, అమ్మే తిన్నాది. మరి అమ్మ తిన్నదంతా ఎవుల పొట్టలో ఉన్నాది?”

తవుడు కిందకి తన పొట్ట వైపు సూసుకున్నాడు. చాలాసేపు అలాగే సూసినాడంట, అందులో ఎవులో కూకున్నట్టు. మనకి నవ్వొస్తాది గానీ, ఆడికి నిజంగా తెల్దు బావూ. చిన్నప్పటి నుండి ఆళ్లయ్య నేర్పింది అదే, ఘటం ఎత్తాక నీ నోరు నీది కాదని. ఆ నోటిలో పడ్డది తన తిండని ఆడి బుర్రకి ఏనాడూ తట్టలేదు. ఉన్నట్టుండి పకపకా నవ్వినాడంట. నవ్వుతూ నవ్వుతూ కళ్లమ్మట నీళ్లెట్టుకున్నాడు. “అయితే అమ్మకి నా మీద కోపం లేదే ఎర్నీ! కోపం లేదు! ఉత్త బూరెలే!” అని ఆ వాకిట్లో చిన్నపిల్లోడిలాగ గెంతినాడంట. గుండె మీద నుండి కొండ దిగిపోయినట్టయింది ఆడికి. బరువు మాత్రం అక్కడే ఉన్నాది అనుకో. కానీ దేవత ఒదిలీసిందనుకున్న మనిసికి బూరెలొక లెక్కా?

సంబరానికి ఇంక చాలా రోజుల్లేవు. తినడం మానీమంటే ఎలగ మానుతాడు? మానితే ఆ ఇంటోళ్లు అమ్మ రాలేదని గుండె బాదుకుంటారు. తవుడు బాగా ఆలోచించి ఎర్నమ్మతో అన్నాడంట, “సూడే, ప్రతి ఇంట్లోనూ మొదటి ముక్క అమ్మే తిన్నాది, అందులో అబద్ధం లేదు. రెండోది, మూడోది మాత్రం... రుసిగా ఉందని నానే తిన్నాను గావాల.” మర్నాటి నుండి ప్రతి ఇంట్లో ఒక్క ముక్కే నోటేసుకుని చేతులు జోడించీవోడు. మళ్లీ తన వంతు వచ్చిన రోజు ఈరమ్మ గోల పెట్టినాది, “నా బూరెలు అమ్మకి పనికిరాలేదా?” అని. తవుడు సిగ్గుపడకుండా సెప్పీసినాడు. “పనికొచ్చినాయి తల్లీ. అమ్మది ఒక్క ముక్కే. ఇన్నాళ్లూ మిగతావన్నీ నానే తిని అమ్మ మీద పెట్టినాను. తప్పయిపోనాది.” ఈరమ్మ ముందర నోరెళ్లబెట్టినాది, తర్వాత పైట నోట్లో కుక్కుకుని నవ్వినాది. సాయంత్రానికల్లా ఊరంతా నవ్వినాది. ఆ నవ్వు చెడ్డది కాదులే.

సంబరం ముందురోజు మళ్లీ పలకెక్కినాడు. ఊరంతా వచ్చి నిలబడ్డాది. లచ్చుమైతే కళ్లు మూసుకుని దండాలెడతన్నాడు. బస్తా లేసింది. కానీ కొంచెమే, జానెడు. సూరాచారి కుంచం తెచ్చి బస్తా మీద ధాన్యం పోసినాడు. ఒక కుంచం పోస్తే తూగలేదు. రెండో కుంచం పోస్తే సమంగా తూగింది. రెండు కుంచాల బరువు ఎక్కువున్నాడన్నమాట. తవుడు లేసి తన పూజారి తలపాగా తీసి లచ్చుం చేతిలో పెట్టబోయినాడు. లచ్చుం చేతులు ఎనక్కి దాసుకున్నాడంట.

అప్పుడు ఎర్నమ్మ ముందుకొచ్చినాది. “సూరాచారి మావా, ఆ రెండు కుంచాలకీ మాను విరుగుతాదా?” అని అడిగినాది. సూరాచారికి రోసమొచ్చినాది. “రెండు కుంచాలకి విరిగే మాను నాను తేనే. నా బెంగ అది కాదు. తాడు లాగీది ఎనిమిదిమంది. ఎనిమిదిమంది లాగితే లేసీ బరువు బస్తా. ఆ పైన ఇంకో రెండు కుంచాలుంటే మాను సగంలో ఆగి ఊగుతాది. ఊగిందా, పైనున్నోడు పడతాడు” అన్నాడు. “మరి పదిమంది లాగితే?” “లేస్తాది.” “ఊరంతా లాగితే?” సూరాచారి గడ్డం గోక్కున్నాడు. ఎర్నమ్మ ఊరి ఆడోళ్ల వైపు తిరిగినాది. “ఈరమ్మప్పా, ఆ రెండు కుంచాల్లో నీ బూరెలున్నాయి. సిన్నమ్మా, నీ పరమాన్నం ఉన్నాది. నీ చలివిడి, నీ పులిహోర, అన్నీ ఉన్నాయి. పూజారి అమ్మని మోస్తాడు సరే, మీరు పెట్టిందంతా ఆడొక్కడే ఎందుకు మొయ్యాల? పెట్టిన చేతులే వచ్చి తాడు పట్టండి” అన్నాదంట. పెద్దోళ్లు గొణిగినారు, ఆడోళ్లు తాడు ముట్టుకుంటారా, ఎక్కడైనా ఉన్నాదా అని. సూరాచారి ఆళ్లకేసి ఒకసారి సూసి, “మా తాత నాకు బస్తా లెక్క సెప్పినాడు. తాడు ఎవులు పట్టకూడదో సెప్పలేదు. లాగే చేతులు పెరిగితే బస్తా కూడా పెరుగుతాది. పట్టండే!” అన్నాడు.

ఇంక సూస్కో. సంబరం రోజు మా అమ్మ కూడా ఆ తాడు పట్టినాదంట, అప్పటికి నాను పుట్టలేదు. ఈరమ్మ పట్టినాది, సిన్నమ్మ పట్టినాది, గొర్రెల ముసలమ్మ కూడా వచ్చి కొస పట్టుకున్నాది. అందరికంటే ముందర లచ్చుం, కాళ్లు భూమిలో దిగేలాగ లాగినాడంట, నేల మీద ఉన్నానన్న సంతోషంతో. డప్పులు మోగినాయి. “పోలమ్మ తల్లికీ జై” అని ఒక్క లాగు లాగినారు. మాను ఆగనూలేదు, ఊగనూలేదు. అంత బేగి, అంత ఎత్తు ఏ యేడూ లేవలేదని మా అమ్మ సచ్చీదాకా సెప్పినాది. పైన తవుడు పసుపు బట్టల్లో రెండు చేతులూ జోడించి కూకున్నాడు. ఆడి మొహం సూసి చాలామంది ఏడ్సినారంట. నన్ను ఒదల్లేదు, నా తల్లి నన్ను ఒదల్లేదు అన్నట్టు ఉన్నాదంట ఆ మొహం. సూరాచారి మాత్రం మాను వైపే సూస్తా, “నా పని బాగున్నాది” అన్నాడంట.

మాను లేసినాక మా ఆచారం ఏటంటే, కింద నుండి జనం అరిటిపళ్లు ఇసురుతారు, అమ్మోరికి తగలాలని. వందలు, వేలు. ఒక పండు ఎల్లి సరిగ్గా తవుడి ఒళ్లో పడ్డాది. బాగా ముగ్గిన చక్కెరకేళి. తవుడి చెయ్యి దానంతటదే కదిలినాది. తొక్క తీసింది. కింద నుండి ఎర్నమ్మ తాడు ఒదలకుండానే కేక పెట్టినాదంట, “ఒలయ్యా! అమ్మకి సాలు!” అని. డప్పులు ఆగిపోనాయి. తవుడు ఆ పండుకేసి సూసినాడు, పెళ్లాంకేసి సూసినాడు. ఒక్క ముక్క తుంచి నోట్లో వేసుకుని, మిగతాది కిందకి ఎర్నమ్మకి ఇసిరీసినాడు. అంత జనంలోనూ ఆయమ్మ ఒంటిచేత్తో పట్టుకుని తినీసినాది.

అదీ కథ. తవుడు తర్వాత సన్నబడినాడా అంటావా? ఎక్కడ బావూ, ఏదో రెండేళ్లు కొంచెం తగ్గి మళ్లీ ఎప్పట్లాగే. కానీ ముసలోడయ్యేదాకా ఆడే ఎక్కినాడు. ఇప్పటికీ ఆ ఊళ్లో తాడు పట్టేది ఆడోళ్లూ మగోళ్లూ కలిసే. ఎవుల పూజారిని ఆళ్లు మేపుకుంటారు, ఎవుల పూజారిని ఆళ్లు లేపుకుంటారు, మనకేటి? సరే గానీ, నీ ముందర పెట్టిన పళ్లెం ఖాళీ అయిపోనాదే! జంతికలు పది పెట్టినాను, రాసుకుంటూ రాసుకుంటూ అన్నీ నమిలీసినావు. తిను బావూ, తిను, ఇంకా ఉన్నాయి లోపల. పట్నంలో డాక్టరు అడిగితే మాత్రం నువ్వే తిన్నావని సెప్పు. నా కథ తిన్నాదని సెప్పకు.